అన్నం పెట్టి చదివించిన ఊళ్లు!

పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట... ‘మరిప్పుడేటి?’

ఉద్దానం తోటలో జీడిపిక్కలు ఏరుతూ అమ్మ అడుగుతుంది. ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తూ తాత అడుగుతాడు. మార్కుల మెమో పట్టుకున్న పిల్లకేమో చెప్పలేనంత ఆశ... చెప్పుకోలేనంత భయం. ఊళ్లో బడి పదితో సరి. ఆపైన చదవాలంటే గడప దాటాలి. దాటాక ఎక్కడుండాలి? ఏం తినాలి?

ఇవి ఈనాటి ప్రశ్నలు కావు. విజయనగరం కోట పరిసరాల్లో ఓసారి తిరిగొస్తే వాటికి దొరికిన పాత జవాబులు కనిపిస్తాయి.

గురువుగారింట్లో కంచం

గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి... ఆ సందడి దాటి కోట వైపు నడిస్తే మహారాజా కళాశాల. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది. చీపురుపల్లిలో చిన్నప్పటి చదువు పూర్తిచేసిన ఓ కుర్రాడు తండ్రి పోయాక ఈ ఊరొచ్చాడు. చేతిలో డబ్బుల్లేవు. కాలేజీ ప్రిన్సిపల్ చంద్రశేఖర శాస్త్రి అతనికి నీడనిచ్చి అన్నం పెట్టారు. కుర్రాడు 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్‌.ఏ. గట్టెక్కాడు. అదే ఏడు మహారాజా హైస్కూల్లో పంతులుద్యోగం... నెలకు పాతిక రూపాయల జీతం!

ఆ కుర్రాడే గురజాడ అప్పారావు. 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగస్థలమెక్కిందీ ఈ ఊళ్లోనే. ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. అక్కడికెళ్లే బడిపిల్లలకు మహాకవి గురించి చెబుతారు. మెట్రిక్ చదివే రోజుల్లో ఆయన కంచంలోకి అన్నం ఎక్కణ్నుంచొచ్చిందో కూడా చెప్పాలి.

ఉంగరం అమ్ముకుని...

అక్కడే మరో చదువుల గుడి, సంగీత కళాశాల. చూపులేని ఓ కుర్రాడికి బతుకుదారి చూపడానికే మహారాజు 1919లో దీన్ని పెట్టించారని ఊళ్లో చెబుతారు. తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడిని, వాయులీనం విన్నాక ఏకంగా ఆచార్యుణ్ని చేశారట!

కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల వచ్చిందీ ఇక్కడికే. మీసాలైనా సరిగా రాని వయసు. ఉంగరం అమ్మిన డబ్బుతో రైలెక్కాడు. తీరా వస్తే కాలేజీకి వేసవి సెలవులు! పట్రాయని సీతారామశాస్త్రి పైసా తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు. మరి భోజనం? జోలె పట్టి మధుకరానికి వెళితే ఊరి ఇల్లాళ్లు తలో ముద్దా వేశారు. తెలుగువాళ్ల చెవుల్లో నేటికీ మోగే ఆ గొంతును నిలబెట్టింది ఆ ముద్దలే.

పదిలోనే ట్రిపుల్‌ ఐటీ

విజయనగరం నుంచి శ్రీకాకుళం బస్సెక్కితే ఊరు చేరకముందే ఎచ్చెర్ల. ఈ మండలంలోని ఎస్‌.ఎం.పురంలో ఉంది శ్రీకాకుళం ట్రిపుల్‌ ఐటీ. పల్లెటూరి పిల్లల కోసం 2008లో పుట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఇదో క్యాంపస్‌. 2016లో మొదలైంది. పదో తరగతి మార్కులతోనే సీటు. సర్కారు బడి పిల్లలకైతే అదనంగా నాలుగు శాతం మార్కులు కలుపుతారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్‌... బసా, భోజనం అక్కడే.

ఈ మాట విలువ తీరంలోని మత్స్యకార పల్లెలకు బాగా తెలుసు. ఇక్కడి మగవాళ్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోతారు. 2018లో అలా వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. 2025లో వచ్చిన ‘తండేల్‌’ సినిమాకు ఆధారం ఆ కథే. పదయ్యాక కొడుకు పడవెక్కితే ఆ ఏడే ఇంట్లోకి డబ్బొస్తుంది. చదివిస్తే ఆరేళ్లు ఆగాలి. అయినా ఆగుదామనుకునే తల్లిదండ్రులున్నారు. అందరికీ ట్రిపుల్‌ ఐటీ సీటు రాదు. పాలిటెక్నిక్‌, ఐటీఐ, జూనియర్‌ కాలేజీ... ఎటు వెళ్లినా గడప దాటాల్సిందే.

అడిగేదొక్కటే!

వానలు మొదలయ్యాక బస్టాండ్లలో కొత్త ట్రంకుపెట్టెలు కనిపిస్తాయి. ఆవకాయ సీసా బట్టల మధ్య పదిలం. కిటికీ పక్క సీట్లో పిల్ల, కింద అమ్మానాన్న. బస్సు కదిలేదాకా ఎవరూ ఏడవరు.

ఆ రాత్రి హాస్టల్‌ నుంచి ఫోనొస్తుంది. క్లాసులెలా ఉన్నాయో, పంతుళ్లెలా ఉన్నారో అమ్మ అడగదు. ‘బువ్వ తిన్నావేటమ్మా?’ అనే అడుగుతుంది. ‘తిన్నానే అమ్మా’ అన్న మాట వినపడ్డాకే ఆ ఇంట్లో దీపం ఆర్పుతారు.