గాలిలోని నీళ్లు, మా ఊరి బడి

గత వేసవిలో మా తమ్ముని కుమారుడు అమెరికా నుండి ఫోను చేశాడు. "పెద్దనాయనా, మన ఊరి బడికి గాలిలోంచి నీళ్లు తీసే యంత్రం కొనిద్దాం. బోరు అక్కరలేదు, ఫ్లోరైడ్ బాధ ఉండదు, ఏమంటారు?" అన్నాడు. ఆలోచించకుండానే సరేనన్నాను. ఆ తొందరపాటుకు ఒక కారణం ఉన్నది. ముందు అది చెప్పాలి.

1980లలో కడప జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేటప్పుడు, విరేచనాలతో వచ్చిన ప్రతివారికీ నీళ్లు కాచి, చల్లార్చి తాగమని చెప్పేవాణ్ణి. అతిసారానికి అది సరియైన సలహాయే. ఒకనాడు ఒక తల్లి తన ఎనిమిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. వాడి పైపెదవి ఎత్తి, గోధుమరంగు చారలు పడిన పళ్లను చూపింది. "సారూ, మీరు చెప్పినట్టే కాంచి తాపుతాండా. పండ్లు ఎందుకు ఇట్లయినాయి?" అని అడిగింది.

కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు కొంత ఆవిరైపోగా, మిగిలినదానిలో దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఇది నేను చదువుకున్న విషయమే. అయినా ఆ ఊరి బోరు నీటిని పరీక్షకు పంపాలన్న ఆలోచన అంతవరకు నాకు కలుగలేదు. తరువాత పంపితే, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితికి రెట్టింపు దాటినట్లు తేలింది. అప్పటికే ఏర్పడిన పళ్లమీది మచ్చలను ఏ మందూ తుడిచివేయలేదు. ఎంత కట్టె ఖర్చుపెట్టి ఆమె ఆ నీళ్లు కాచిందో!

కాబట్టి ఫ్లోరైడ్ లేని నీరు అనగానే మనసు అటు పరుగెత్తింది. సికింద్రాబాద్ రైల్వేస్టేషనులో 2019 డిసెంబరులో ప్రారంభించిన 'మేఘదూత్' యంత్రాన్ని నేను చూశాను. హైదరాబాదుకు చెందిన మైత్రి ఆక్వాటెక్ సంస్థ దానిని నెలకొల్పింది. రోజుకు వేయి లీటర్ల సామర్థ్యమన్నారు. నా సీసాలో పట్టించుకొని తాగాను. మంచి నీరే. అందులో మాయ ఏమీ లేదు. చల్లని మజ్జిగ చెంబు వెలుపల చెమ్మ పట్టడం మీరు రోజూ చూసేదే. యంత్రం గాలిని వడకట్టి, చల్లని గొట్టాలమీదుగా పంపి, పట్టిన చెమ్మను పోగుచేసి, శుద్ధిచేసి, ఖనిజాలు కలుపుతుంది.

అయితే ఎంత చెమ్మ పడుతుందన్నది గాలినిబట్టి ఉంటుంది. ఫోను పెట్టేశాక కాగితం తీసుకొని లెక్క వేశాను. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న సముద్రతీరపు గాలిలో ఘనపు మీటరుకు సుమారు 23 గ్రాముల నీరుంటుంది. మన వైపు ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో తేమ 20 శాతమే ఉంటే, ఉండేది 10 గ్రాములు. గాలిని 5 డిగ్రీల దాకా చల్లబరిచినా దాదాపు 7 గ్రాములు గాలిలోనే మిగిలిపోతాయి, చేతికి వచ్చేది మూడు గ్రాములు. అంటే ఒక్క లీటరు కోసం, పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదులు పదకొండింటిలోని గాలినంతా చల్లార్చాలి. తీరప్రాంతంలో అలాంటి గదులు రెండు, రెండున్నర చాలు. కరెంటు ఖర్చూ ఆ తేడాకు తగినట్లే పెరుగుతుంది. తెల్లవారుజామున తేమ పెరుగుతుంది గనుక అప్పుడు నడుపుకోవచ్చు, నిజమే. కానీ ఒంటిపూట బడుల కాలంలో, బోర్లు అడుగంటే వేళ, ఆ యంత్రం కూడా నీరసించిపోతుందన్నమాట. దీనికితోడు ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, బేతంచెర్ల నాపరాళ్ల పొడి ఎగిరేచోట వడపోత జల్లెడలను తరచుగా మార్చాలి. మార్చకపోతే ఆ చెమ్మలోనే క్రిములు కాపురం పెడతాయి.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. ఏసీ నుండి కారే నీరూ ఇలాంటిదే కదా అని కొందరు బిందెలో పట్టి తాగుతున్నారు. దయచేసి తాగకండి. ఆ గొట్టాలూ ఆ పళ్లెమూ తాగునీటికోసం చేసినవి కావు. మొక్కలకు పోయండి.

గాలిలోని నీరు కరెంటు లేకుండానే మనకు దిగివచ్చే నెలలు వేరే ఉన్నాయి. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పొరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. వానను పట్టి నిలపడం మనవారికి కొత్త కాదు. వంద చదరపు మీటర్ల బడికప్పుమీద పడేది 70,000 లీటర్లు. అయిదోవంతు వృథా అయినా 56,000 మిగులుతాయి. అరవైమంది పిల్లలకు తలా లీటరు చొప్పున 220 పనిదినాలకు కావలసింది 13,200 లీటర్లే. వాన నీటిలో ఫ్లోరైడ్ బెడద లేదు. తొలివాన నీటిని వదిలేయాలి, తొట్టికి వెలుతురు చొరని మూత ఉండాలి, క్లోరిన్ వేయాలి.

ఇదంతా చెబితే మావాడు కొంచెం చిన్నబోయాడు. తొట్టికి పేరు చెక్కించినా ఫోటోకు బాగుండదని నేనే హాస్యమాడాను. యంత్రంపై వాడికి ఇంకా ఆశ ఉంది. కరపత్రం పంపాడు. రోజుకు ఇన్ని లీటర్లు అన్న పెద్ద అంకె కింద చిన్న అక్షరాలలో '30 డిగ్రీలు, 80 శాతం తేమ' అని ఉన్నది. 40 డిగ్రీలు, 20 శాతం తేమలో ఎన్ని లీటర్లు వస్తాయో తెలుపవలసిందిగా అమ్మకందారుకు ఉత్తరం వ్రాశాను. జవాబు రాలేదు. పోయిన ఆదివారం ప్రధానోపాధ్యాయునితో కలిసి బడికప్పు కొలిచి వచ్చాను. తూర్పుమూల పగులు పూడ్చిన తరువాతగాని గొట్టాలు బిగించడానికి లేదు.