మడమనొప్పియు మల్లన్న మ్రొక్కును

మన యిండ్లలో మ్రొక్కు మ్రొక్కని తల్లి యుండదు. బిడ్డకు జ్వరము తగిలినను, కూతురి కాన్పు కష్టమైనను, ప్రయాణమునకు పోయిన భర్త వేళకు తిరిగిరాకున్నను ముందుగా మన నోట వెడలునది మ్రొక్కే. వానిలో కొన్ని కొబ్బరికాయతో తీఱును. కొన్ని తలనీలాలతో తీఱును. కాలినడకను వత్తుమని మ్రొక్కినది మాత్రము కాళ్ళతోనే తీఱవలయును. అట్టి మ్రొక్కుగల స్త్రీకి, ప్రయాణమునకు మూడునెలల ముందు ఆ కాలే యెదురుతిరిగినచో నేమి చేయవలెను? ఈ ప్రశ్నకు మాకు దొరకిన కొలదిపాటి సమాధానమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

మాది పలనాటిలోని నరసరావుపేట. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. గడచిన వర్షాకాలమున మా చిన్నవాడు టైఫాయిడు జ్వరముతో మూడు వారములు మంచము దిగలేదు. వైద్యము జరుగుచునే యుండెను. అయినను తల్లి మనస్సు మందుతో మాత్రమే కుదుటపడునా? ఒకనాటి నడిరేయి వాని నుదుటిపై తడిగుడ్డ మార్చుచు, వీడు లేచి తిరిగినచో శివరాత్రికి కాలినడకను వచ్చి దర్శించుకొందుమని శ్రీశైల మల్లికార్జునునకు మ్రొక్కుకొంటిమి. మఱునాడు రూపాయిబిళ్ళ నొకదానిని పసుపుగుడ్డలో ముడుపుకట్టి దేవుని గూటిలో నుంచితిమి. బిడ్డ లేచినాడు; బడికి పోవుచున్నాడు. ఇక మిగిలినది మా నడక.

నరసరావుపేటనుండి వినుకొండ, త్రిపురాంతకము, యర్రగొండపాలెము, దోర్నాల మీదుగా శ్రీశైలము చేరు త్రోవ 150 కిలోమీటర్లకు పైబడినది. అందు దోర్నాల దాటినపిమ్మట దాదాపు 50 కిలోమీటర్లు నల్లమల యడవియు, ఘాటుమలుపులును. నడుమనున్న త్రిపురాంతకమును శ్రీశైలమునకు తూర్పుద్వారమని పెద్దలందురు. శ్రీశైలమునకు నడచిపోవుట తరతరాల యాచారము. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమునందలి పర్వత ప్రకరణమున శివరాత్రికి తరలిపోవు భక్తసమూహములను విరివిగా వర్ణించినాడు. చిన్ననాడు మా తండ్రిగారు ఆ ద్విపదలను చదివి వినిపించునపుడు, ఆ గుంపులో మేమును నొకనాడు నడతుమని యనుకొనుచుండెడివారము. ఈ యేడు మా వీధిలో నేడుగురు స్త్రీలు బయలుదేర నిశ్చయించుకొనగా మేము ఎనిమిదవవారమైతిమి.

కార్తికమాసమున నొక తెల్లవాఱుజామున మంచము దిగి కుడికాలు నేల మోపగనే మడమలో ముల్లు దిగినట్లయ్యెను. వంగి చూచితిమి, ముల్లు లేదు. నాలుగడుగులు వేయునప్పటికి నొప్పి సడలినది. మధ్యాహ్నము భోజనమై కూర్చుండి లేచునప్పటికి మరల పోటు. మఱునాడును నట్లే; వారము గడచినను నట్లే. ఇరుగుపొరుగువారు తలకొక చికిత్స చెప్పిరి. ఇటుక కాచి కాపడము పెట్టుమని యొకరు, జిల్లేడాకు వెచ్చచేసి ఆముదముతో కట్టుమని యొకరు. "మల్లన్న పిలిచినవారికి కాలినొప్పి యడ్డమా, వదినా? నడక మొదలిడిన దానంతటదే పోవును" అని యింకొకరు. మా యత్తగారు మాత్రము ముక్కుసూటిగా, "మ్రొక్కినది దైవమునకు, అమ్మాయీ! ఒక్క యడుగు బండియెక్కినను చెల్లదు" అనిరి.

మేము పట్టణములోని యొక యెముకల వైద్యునకు కాలు చూపించితిమి. ఆయన చెప్పినది మాకు తెలిసిన మాటలలో వ్రాయుచున్నాము. మడమ యెముకనుండి వ్రేళ్ళ మొదళ్ళవఱకు అరకాలి క్రింద వింటినారివలె బిగిసిన దళసరి పొర యొకటి కలదు. అది మడమను పట్టుకొనియున్న చోట పదేపదే లాగుడుపడి చెడుటచే ఈ నొప్పి కలుగును. రాత్రి నిద్రలో పాదము క్రిందికి వాలియుండుటచే ఆ పొర ముడుచుకొనును; తెల్లవాఱి తొలియడుగు దానిని ఒక్కమారుగ సాగదీయును. అందువలననే మొదటి యడుగు ముల్లువలె నుండును. దీనిని నేటి వైద్యులు ప్లాంటర్ ఫేషియైటిస్ అందురు. ఇంటికి వచ్చి మా తండ్రిగారిచ్చిన సుశ్రుతసంహిత తీసి చూడగా, నిదానస్థానమున వాతవ్యాధులలో వాతకంటకమను పేరు కనబడినది. పాదమును సమముగా మోపకుండుటచే వాతము మడమ ప్రాంతము నాశ్రయించి నొప్పి కలిగించునని దాని లక్షణము. కంటకమనగా ముల్లేకదా! ఆ పేరు పెట్టినవారు రోగి చెప్పిన మాట చెవియొగ్గి విన్నవారై యుందురు.

ఎక్సురేలో మా మడమ యెముకకు చిన్న కొక్కెమువంటి మొలక కనబడెను. దానిని చూచి మేము దిగులుపడగా, నొప్పియే యెఱుగని వారికిని చాలమందికి అట్టి మొలక యుండుననియు, దానిని కోసివేయవలసిన పని లేదనియు వైద్యుడు నచ్చచెప్పినాడు.

ఇక కారణము. శరీరభారము పెరుగుట, పిక్కలు బిగిసియుండుట, అలవాటులేని నడక నొక్కమారుగ హెచ్చించుట, గట్టినేలపై వట్టికాళ్ళతో గంటలకొలది నిలుచుట మొదలగునవి దీనికి కారణములు. కడపటిది వినగనే మాకు మా వంటయిల్లు గుర్తునకు వచ్చెను. పలనాడు నాపరాతి సీమ. ఇండ్లలో పఱచినది ఆ రాయియే. వేసవిలో చల్లగా నుండునని దానిని మనము మెచ్చుకొందుము గాని, తెల్లవాఱి నాలుగు గంటలనుండి రాత్రి పాలు తోడువేయువఱకు దానిపై నిలుచునది మన మడమలే.

పూర్తి నివారణకు నెలలు పట్టుననియు, ఓపికతో చేసినవారిలో చాలమందికి సంవత్సరము లోపల నెమ్మదించుననియు వైద్యుడు చెప్పెను. ఆయన చూపిన సాధనలు సులభములు. మంచము దిగకముందే కుడికాలిని ఎడమమోకాలిపై నుంచి, వ్రేళ్ళను చేతితో వెనుకకు వంచి, పది లెక్కించు వఱకు పట్టి విడువవలెను; ఇట్లు పదిమారులు. గోడకు చేతులానించి, నొప్పికాలిని వెనుకకు చాచి, మడమ నేలవిడువకుండ పిక్కను 30 సెకనులు సాగదీయవలెను, ఇట్లు మూడుమారులు. సీసాలో నీరు ఫ్రిజ్జునందు గడ్డకట్టించి, దానిని గుడ్డలో చుట్టి అరకాలి క్రింద పది నిమిషములు దొర్లించవలెను. ఇంటిలోపలను మెత్తని చెప్పులు తొడుగవలెను.

ఈ కడపటి మాట మా యింట చిక్కు తెచ్చినది. వంటయింట చెప్పులా యని యత్తగారు ముఖము త్రిప్పుకొనిరి. పెద్దవారిని నొప్పింపక, మడమను నొప్పింపక యేమి చేయుదుమని యాలోచించి, ఉతికిన గోనెసంచిని నాలుగు మడతలు వేసి పొయ్యి యెదుట పఱచితిమి. తక్కిన గదులలో చెప్పులు తొడిగితిమి. వారము తిరుగకముందే గోనె గుణము కనబడినది.

నడకను దినము విడిచి దినము, రెండు కిలోమీటర్లతో మొదలిడి, వారమువారమునకు కొంచెము కొంచెముగా పెంచితిమి. దీనికి న్యాయాధిపతి మఱునాటి తొలియడుగు. నడచునపుడు స్వల్పముగా నొచ్చినను, మఱునాడు తెల్లవాఱి నొప్పి మునుపటికంటె హెచ్చకున్నచో ఆ దూరము తగినదే. హెచ్చినచో ఆ వారము తగ్గింపవలెను. నొప్పి మాత్రలను గూర్చి యొక హెచ్చరిక. శివరాత్రినాడు మనము ఉపవాసము, జాగరణము చేయుదుము. నీరును చాలినంత త్రాగము. అట్టి ఖాళీకడుపుతో నొప్పి మాత్రలు మ్రింగి యెండలో నడచినచో కడుపులో పుండు, మూత్రపిండములకు చేటు కలుగవచ్చును. అదియునుగాక, నొప్పి తెలియకుండ నడచినవాని కాలు ఇంకను చెడును.

ఇట్లు నడచి వచ్చిన సాయంకాలములలో అలసిన పిక్కలకు గోరువెచ్చని నీటి తొట్టిలో కాళ్ళుంచుకొని కూర్చుండెడివారము. ఒకనాడు మా యత్తగారు మాటలాడకుండ పీట తెచ్చి వేసికొని, కుచ్చెళ్ళు పైకి దోపుకొని, తమ పాదములను గూడ ఆ తొట్టిలో నుంచిరి. మేము నివ్వెఱపోయి, "మీకును నొప్పియా, అత్తయ్యా?" అంటిమి. "ఉన్నది" అనిరి. "ఎన్నాళ్ళనుండి?" అంటిమి. "నీ మగడు బడిలో వేసిన నాటినుండి" అనిరి. "ఎవ్వరితోను చెప్పలేదేమి?" యనగా, ఆమె నీటిని చేతితో కదలించుచు, "చెప్పినచో వంట యెవరు చేయుదురమ్మా?" అనిరి. ఆ మాటకు మా యొద్ద బదులు లేకపోయినది. మఱునాటినుండి గోనెసంచులు రెండైనవి.

పుష్యమాసమున మా కాలిని పరీక్షించుకొంటిమి. మొదట కోటప్పకొండకు నడచితిమి. నరసరావుపేటకు అది దాదాపు 12 కిలోమీటర్లు. మఱునాటి తొలియడుగున పోటు కొంచెముండి, పాలు పొంగకముందే పోయినది. సంతోషించితిమి. కాని శ్రీశైలపు నడక యొకనాటిది కాదు. నడచిన కాలితో మరల నడువవలయును. వారము విశ్రమించి, దినమునకు పదేసి కిలోమీటర్ల చొప్పున వరుసగా రెండుదినములు నడచితిమి. మూడవనాడు ఉదయము గోడపట్టుకొని గాని గడప దాటలేకపోతిమి. సమాధానము తేటతెల్లమైనది.

ఆ దినమంతయు మా మనస్సు బరువెక్కి యుండెను. మహాభారతము వనపర్వమునందలి తీర్థయాత్రాపర్వమున పులస్త్యమహర్షి భీష్మునకు తీర్థఫల మెవరికి దక్కునో చెప్పుచు, చేతులను, పాదములను, మనస్సును అదుపునందుంచుకొన్నవారిని పేర్కొనెను. పాదమును అదుపునందుంచుటయన, పోరానిచోటికి పోనీయకుండుట యని చదువుకొంటిమి. పోలేనప్పుడు నిలుచుటయు నందులోనిదే యని ఆనాడు తోచినది. 14వ శతాబ్దమున అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. యాత్రికుని పాదమునకు సుఖము కూర్చుట పుణ్యకార్యమని రాజులెంచిరి. ఆ పాదము మనదైనపుడు మాత్రము దానిని కనికరించుట పాపమగునా?

సందేహము తీర్చినవారు మా యత్తగారే. రాత్రి భోజనములైన పిమ్మట ఆమె, "కోటయ్యస్వామి కథ మఱచితివా, అమ్మాయీ?" అనిరి. పలనాట నా కథ నెఱుగని యాడుది లేదు. గొల్లభామ యానందవల్లి దినదినము కొండయెక్కి స్వామిని సేవించుచు, గర్భభారమున నెక్కజాలక, స్వామినే దిగిరమ్మని వేడుకొన్నది. వెనుదిరిగి చూడక నడువుమని చెప్పి స్వామి యామె వెంట దిగివచ్చెను. ఆమె నడుమ తిరిగి చూచుటచే బ్రహ్మశిఖరమున నిలిచిపోయెనని స్థలపురాణము. "తిరిగి చూచినదని నిలిచినాడు గాని, ఎక్కలేనన్నందుకు కోపింపలేదు గదా! ఆ స్వామియు మల్లన్నయు వేఱా?" అని యత్తగారు దీపము తగ్గించి లేచిరి.

మా నిశ్చయము వ్రాయుచున్నాము. ఈ శివరాత్రికి మా చిన్నవాని చేయిపట్టుకొని, ప్రభలు పోవు త్రోవనే కోటప్పకొండకు నడతుము. అంతదూరమునకు మా మడమ సమ్మతించినది. శ్రీశైలపు నడక పైయేటికి. ముడుపు విప్పలేదు, గూటిలోనే యున్నది. మా వీధివారేడుగురు బయలుదేరునాడు ఊరి పొలిమేర వఱకు సాగనంపుదుము. మనస్సునకు కష్టముగా నుండదా యన్నచో, ఉండును. అయినను మ్రొక్కునకు గడువు పెంచవచ్చును. మడమకు మాఱు దొరకదు.

సోదరీమణులలో మధుమేహము గలవారును, పాదములు తిమ్మిరెక్కు వారును, వాపు, ఎఱ్ఱదనము, రాత్రివేళ తగ్గని నొప్పి గలవారును ఇంటిచికిత్సలతో కాలము గడపక వెంటనే వైద్యునకు చూపించుకొనవలెను. మడమనొప్పికి సూదిమందు వేయించుకొనదలచినవారు దాని లాభమునే గాక, కీడును గూడ ముందుగా నడిగి తెలిసికొనవలెను. ఒక్కొక్కప్పుడు ఆ మందువలన అరకాలి పొర తెగుటయు, మడమక్రింది మెత్తదనము కరగుటయు గలదు.

తుదకొక మనవి. మీ యింటిలో మీకంటె ముందు లేచి, మీ యందఱికంటె వెనుక పరుండు స్త్రీ యొకతె యుండును: తల్లియో, అత్తయో, పెద్దకోడలో. తెల్లవాఱి ఆమె వేయు తొలియడుగును ఒకమారు గమనింపుడు. ఆమె గోడ పట్టుకొన్నచో, నొప్పియున్నదా యని మీరే యడుగుడు. తానై చెప్పుట మన యింటి యాడువారికి అలవాటు లేదు.