నాలుగు వేళ్ళ ఎత్తు

మా ఇంట్లో పాల లెక్క రాసుకునే పుస్తకం ఒకటుంది. ముందువైపు నుంచి పాలు, వెనకవైపు నుంచి మిగతా ప్రపంచం. చీటీ కట్టిన తేదీలు, గ్యాసు సిలిండరు వచ్చిన తేదీలు, ఎవరి పెళ్ళిలో ఎంత చదివించామో ఆ లెక్కలూ అన్నీ వెనకవైపే. రెండేళ్ళ కిందట అందులో "టైర్లు" అని పైన రాసి, కింద గీత గీసి ఒక పేజీ మొదలుపెట్టాను. ఒక్క పేజీ చాలుననుకున్నాను. నాలుగు పేజీలయ్యాయి.

మాది అలిపిరి. గరుడ విగ్రహం దగ్గర నిలబడి గట్టిగా పిలిస్తే పలికేంత దూరంలో ఇల్లు. కొండకు పోయే చుట్టాలందరికీ మా ఇల్లే సత్రం. మా అత్తగారిది శ్రవణా నక్షత్రం, అంటే ఆమెదీ స్వామిదీ ఒకటే. అందుకని నెలకొకసారైనా కొండకు పోయి రావాలంటుంది. దర్శనం దొరికితే దర్శనం, దొరక్కపోతే మాడవీధులు ఒక చుట్టు చుట్టి, అఖిలాండం దగ్గర కొబ్బరికాయ కొట్టి దిగివస్తుంది. కాళ్ళు బాగున్న రోజుల్లో 3,550 మెట్లూ నడిచే ఎక్కేది. తలయేరుగుండుకు మోకాళ్ళు ఆనించి మొక్కుకుని బయలుదేరితే మళ్ళీ గాలిగోపురం దాకా కూర్చునేది కాదట. డెబ్భై ఆరేళ్ళ వయసులో ఆ ముచ్చట ఇక కుదరదు కదా.

మా పెద్దాడికి బెంగుళూరులో ఉద్యోగం. 2020 అక్టోబరులో కొత్త రకం థార్ అమ్మకానికొచ్చింది. మరుసటేడు వాడూ ఒకటి కొన్నాడు, డీజిలుది. "ఎందుకురా ఇంత డబ్బు పోసి జీపు?" అని వాళ్ళ నాయన అడిగితే, "అవ్వను కొండకు తీసుకుపోయేదానికి" అన్నాడు. ఆ మాటతో మా అత్తగారు పడిపోయింది. ఇక మేమేం మాట్లాడతాం? మాట ప్రకారం నెలకొక శనివారం వచ్చి తీసుకుపోయేవాడు కూడా. ముందు సీటులో అవ్వ, వెనక మేమిద్దరం. ఏడాదిన్నర బాగానే గడిచింది.

అప్పుడు వాడికి పెద్ద టైర్ల పిచ్చి పట్టుకుంది.

టైరు మీద అంకెలుంటాయి, ఎప్పుడైనా చూశారా? నేను ఆ రోజు దాకా చూడలేదు. కంపెనీ వేసిచ్చిన టైరు మీద 255/65 ఆర్ 18 అని ఉంది. మావాడు పాఠం చెప్పాడు. 255 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో నూటికి 65 పాళ్ళు టైరు పక్కగోడ ఎత్తు. లోపలి రిమ్ము 18 అంగుళాలు. జాకెట్టు కొలతల్లాగే ఉన్నాయే అనుకున్నాను. వాడు వేయించుకుంటానన్నది 285/65. అంకెలో చూస్తే చిన్న తేడానే. లెక్క వేస్తే పాత టైరు నిలువు 789 మిల్లీమీటర్లు, కొత్తది 828. దాదాపు నాలుగు సెంటీమీటర్లు. వెనక తలుపుకు తగిలించే అదనపు చక్రంతో కలిపి ఐదు టైర్లు కావాలి.

"అరవై వేలు తగ్గుతుందిమా. సర్దుతావా?" అన్నాడు.

నేను మూడో నెలలోనే చీటీ పాడేశాను. అంత తొందరపడితే పాటలో ఎంత పోతుందో చీటీలు కట్టే మీకు నేను చెప్పాలా? పద్నాలుగు వేలు పోయింది. పుస్తకంలో మొదటి పద్దు అదే. టైరింకా ఇంటికి రాలేదు, పద్దు మాత్రం వచ్చేసింది.

పెద్ద టైర్లు వేసుకునేవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళని నేననను. జీపు వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా బొడిపెలాగా ఒకటుంటుంది. రాళ్ళదారిలో, బురదలో ముందు తగులుకునేది అదే. దాన్ని నేలనుంచి పైకెత్తే ఉపాయం పెద్ద టైరొక్కటే. మిగతా ఏం చేసినా బండి లేస్తుంది కానీ ఆ బొడిపె లేవదు. టైరు పెద్దదైతే నేలను పట్టుకునే జాగా కూడా పెరుగుతుంది. ఏటి ఇసుకలో నడిపేవాళ్ళకు అది అవసరం. మావాడు నడిపేది చిత్తూరు రోడ్డు మీద, లీలామహల్ సెంటర్లో, బెంగుళూరు ట్రాఫిక్‌లో. తలకోన అడవిలోకి పోతానంటాడు కానీ అది రక్షిత అడవి, బాట దిగి నడపనివ్వరు.

టైర్లు వేసుకొచ్చిన రోజు బండి చూడ్డానికి బలే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. పక్కింటి పిల్లలంతా దాని ముందర నిలబడి ఫోటోలు దిగారు. మర్నాడు ఇంటి సందులో స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి గర్‌ర్‌మని చప్పుడు. టైరు పోయి లోపలి మడ్‌గార్డుకు రాసుకుంటోంది. దానికి మందేమిటంటే బండిని పైకెత్తడం. సస్పెన్షన్‌కు ఒక కిట్టు వేసి రెండంగుళాలు లేపారు. లేపాక అలైన్‌మెంటు. అలైన్‌మెంటు అయ్యాక వెనక తలుపు. పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ పాత సామాన్ల అంగడి తూకంలో పెట్టి చూశారు మా వారు, కొత్తది ఐదు కిలోలు ఎక్కువ తూగింది. ఆ బరువంతా వెనక తలుపు బందుల మీదే కదా. మూడు నెలల్లో తలుపు కిందికి జారి, వేసినప్పుడల్లా ఒకరు పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చింది. బండితో పాటు ఇచ్చిన జాకీ ఇప్పుడు ఎత్తు చాలదు, ఇంకోటి కొన్నారు. స్టీరింగు బరువెక్కింది. మావాడికి తెలీదు కానీ, ఒకసారి రైల్వేస్టేషన్ దాకా నడిపిన మా వారికి రెండ్రోజులు భుజం పట్టేసింది. అమృతాంజనం సీసా కూడా పద్దులో రాశాను. నవ్వకండి, లెక్క లెక్కే.

మైలేజీ సంగతి వేరు. "పన్నెండిచ్చే బండి తొమ్మిదిస్తోంది" అని మావాడు లబోదిబోమన్నాడు. అక్కడ నా బుర్ర కొంచెం పనిచేసింది. చిత్తూరులో మా పుట్టింటికి పోతే ఎప్పుడూ 70 చూపించే మీటరు ఈసారి 67 దగ్గరే ఆగింది. పుట్టిల్లు నాకోసం మూడు కిలోమీటర్లు ముందుకు జరగదు గదా! ఆలోచిస్తే తెలిసింది. మీటరు లెక్కపెట్టేది దూరాన్ని కాదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో వాటిని. టైరు పెద్దదైతే అదే దూరానికి చుట్లు తగ్గుతాయి, మీటరూ తక్కువ చూపిస్తుంది. అంటే తొమ్మిదనుకున్నది నిజానికి తొమ్మిదిన్నరకు దగ్గర. అందులో కొంచెం ఊరట ఉంది కానీ దానివెనకే భయమూ ఉంది. మీటరు మీద 60 ఉంటే బండి 63లో పోతోందన్నమాట. మామూలుగా కంపెనీవాళ్ళు స్పీడు కాస్త ఎక్కువ చూపించేట్టే మీటరు పెడతారట, మన మంచికే. ఆ జాగ్రత్త కాస్తా టైరు మింగేసింది.

అసలు కష్టం కొండ మీద తెలిసింది. మీలో మెట్లదారిన నడిచినవాళ్ళుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో మెట్టు ఎక్కేవాడు అడుగులు ఎక్కువ వేస్తాడు కానీ ఆయాసపడడు. రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కాలనుకున్నవాడికి అడుగులు తగ్గుతాయి, తొడలు పట్టేస్తాయి. పెద్ద టైరు ఇంజనుతో చేయించేది ఆ పెద్ద అంగలే. రెండో ఘాట్‌రోడ్డులో ఎక్కుతుంటే మునుపు మూడో గేరులో పోయే మలుపు దగ్గర ఇప్పుడు రెండుకు దించాల్సి వచ్చింది. క్లచ్చి మీద కాలు తీయడం లేదు. సరే, ఎక్కడం ఎట్లాగో ఎక్కేశాం.

దిగేది పాత రోడ్డు, 1944లో తెరిచిన మొదటి ఘాట్‌రోడ్డు. 1974లో రెండోది వచ్చాక ఎక్కేవాళ్ళంతా దానిమీద, దిగేవాళ్ళంతా దీనిమీద. పాత రోడ్డు మలుపులు మీకు తెలిసినవే, ఒకటి తిరిగి ఊపిరి పీల్చేలోగా ఇంకోటి. దిగేటప్పుడు చిన్న గేరులో పెడితే బండిని ఇంజనే వెనక్కి పట్టుకోవాలి, బ్రేకు మీద కాలు అప్పుడప్పుడే పడాలి. రెండేసి మెట్లు దూకుతూ దిగేవాడిని మోకాళ్ళు ఎక్కడ ఆపుతాయి చెప్పండి? ఇంజను పట్టు చాలక మావాడు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. బరువైన చక్రాన్ని ఆపడానికి ఆ బ్రేకులకు శ్రమా ఎక్కువే. సగం దారిలో కాలిన వాసన మొదలైంది. ముందు ఎవరి బండో అనుకున్నాం. తర్వాతి మలుపులో మావాడి ముఖం చూశాను. వాడేమీ అనలేదు, కాలు ఇంకాస్త లోపలికి తొక్కాడు. దారి పక్కన కాస్త జాగా ఉన్నచోట ఆపి, ఇరవై నిమిషాలు చక్రాలు చల్లారేదాకా నిలబడ్డాం. కొండ దిగడానికి 40 నిమిషాలైనా పట్టాలన్నది నియమం, తొందరగా దిగితే జరిమానా. "ఈసారి మనకా భయం లేదులే" అన్నారు మా వారు. ఎవరికీ నవ్వు రాలేదు. మా అత్తగారు కళ్ళు మూసుకుని గోవిందనామాలు చెప్పుకుంటూ కూర్చుంది.

ఇంటికొచ్చాక మా వారు ఇన్సూరెన్సు కాగితాలు తీశారు. తెలిసిన ఏజెంటును అడిగితే, బండిలో మార్పులు చేసి చెప్పకుండా ఉంటే రేపేదైనా జరిగినప్పుడు డబ్బు వస్తుందన్న నమ్మకం లేదన్నాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుందట. కంపెనీ చెప్పిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పిందట. ఈ పద్దుకు ఎదురుగా ఎంత వేయాలో తెలీక ఖాళీ వదిలేశాను.

ఆ తర్వాతి నెల శనివారం మావాడు వచ్చాడు. బ్రేకులు మార్పించుకుని మరీ వచ్చాడు. మా అత్తగారు "తలనొప్పిగా ఉంది, మీరు పోయిరాండి నాయనా" అంది. మరుసటి నెల ఎవరో చుట్టాలొస్తారంది, రాలేదు. మూడో నెల ఏమీ చెప్పలేదు, చాప వేసుకుని పడుకుంది. పాత రోడ్డులో వచ్చిన వాసనకు భయపడిందని మేమంతా అనుకున్నాం. మావాడైతే బ్రేకుల బిల్లు తెచ్చి చూపించాడు అవ్వకి, చదవడం రాదని తెలిసీ.

ఒకరోజు నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని అడిగింది.

"ఏమ్మే, కొండకు బస్సులు ఎంతసేపటికొకటి ఉంటాయి?"

"ఇంట్లో బండి పెట్టుకుని బస్సెందుకత్తా?"

"బస్సుకైతే మెట్లుంటాయి కదా" అంది.

కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు అలిపిరి తనిఖీ దగ్గర జరిగింది అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ అందరూ దిగాలి, సంచులు యంత్రంలో పెట్టాలి, మనుషులు వేరేగా నడిచి అవతలకు రావాలి, మళ్ళీ బండెక్కాలి. ఇంటి దగ్గర అరుగు ఉంది కాబట్టి ఎట్లాగో ఎక్కింది. అక్కడ అరుగేది? కాలు ఎత్తి చూసింది, అందలేదు. వెనక బండ్లవాళ్ళు హారన్లు. మా వారు ఒకపక్క, ఎవరో తెలియని కుర్రాడు ఒకపక్క చంకల్లో చేతులేసి లేపి సీట్లో కూర్చోబెట్టారు. చీర మోకాళ్ళ దాకా లేచింది. నేను వెనకనుంచి సంచి అందుకోవడంలో ఉన్నాను, చూశాను కానీ పట్టించుకోలేదు.

"వడ్ల మూటను ఎత్తినట్టు ఎత్తినారే, అంతమంది ముందర" అంది మా అత్తగారు, చిక్కుళ్ళ వైపు చూస్తూ. "అబ్బోడికి చెప్పొద్దు. ఆశపడి ఏయించుకున్నాడు."

ఆ రాత్రి టేపు పట్టుకుని కొలిచాను. టైరు నాలుగు సెంటీమీటర్లు పెరిగితే బండి లేచేది అందులో సగమే, రెండు. సస్పెన్షన్ లేపింది ఐదు. మొత్తం ఏడు. చెయ్యి అడ్డంగా పెట్టి చూస్తే నాలుగు వేళ్ళు. 3,550 మెట్లు ఎక్కిన మనిషి నాలుగు వేళ్ళ దగ్గర ఆగిపోయింది.

చెప్పొద్దన్నది కాబట్టి చెప్పకూడదు. మీరైతే ఏం చేసేవాళ్ళో! నేను మటుకు మావాడు వచ్చిన రోజు పాల పుస్తకం వెనకవైపు తెరిచి బల్లమీద పెట్టి, వంటింట్లోకి పోయాను. పద్దులన్నీ ఉన్నాయి. చివరి పద్దు "అవ్వ, మూడు నెలలు కొండకు పోలేదు" అని రాసి, ఎదురుగా "7 సెం.మీ." అని వేశాను. వాడు చాలాసేపు కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. తర్వాత వచ్చి గుమ్మం పట్టుకుని అడిగాడు.

"అమ్మా, పాత టైర్లు ఏం చేశావు?"

పాత సామాను పారేయలేని జబ్బు నాకుందని మా ఇంట్లో అందరూ వెక్కిరిస్తారు. ఐదూ మిద్దెమీద, మల్లె కుండీల పక్కన, గోనెపట్ట కప్పి ఉన్నాయి.

సస్పెన్షన్ కూడా తీయించి పాతదే పెట్టించాడు. దానికీ కూలి అయింది, రాశాను. ఇంటికి తెచ్చాక నేనూ మా వారూ తలుపు తెరిచి పట్టుకుంటే మా అత్తగారు అరుగు మీదనుంచి కాదు, కావాలనే రోడ్డు మీదనుంచి ఎక్కి చూసుకుంది. ఎడమ చేత్తో పైన పిడి పట్టుకుని, కుడికాలు పెట్టి, "శ్రీనివాసా" అని తనంతట తానే ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక మా ఇద్దరి వైపూ చూసి, "ఇంకా నిలబడుకోని ఉండారే, సంచి తీసుకురా పో" అంది.

పెద్ద టైర్లిప్పుడు మిద్దెమీద గోనెపట్ట కింద ఉన్నాయి. మొన్న ఒకాయన బేరానికొచ్చి, అరిగింది లేదని తనే ఒప్పుకుంటూ, కొన్నదాంట్లో సగమిస్తానన్నాడు. మావాడు ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ అంకె పక్కన ప్రస్తుతానికి పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను.