తారు లేని తొవ్వ ఎటన్నా?

మా ఆర్మూరోళ్లకు తొవ్వ చెప్పడం అలవాటైన పనే. నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి, జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి రెండూ మా ఊరి దగ్గరే కలుస్తాయి. మామిడిపల్లి చౌరస్తాలో చాయ్ తాగడానికి నిలబడ్డ ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఏ లారీ డ్రైవరుకో దారి చూపినవాడే. ఈమధ్య కొత్త రకం బాటసారులు తగులుతున్నారు. చలికాలం ఆదివారాల్లో తెల్లవారకముందే దిగుతారు. నెత్తిన హెల్మెట్, ఒంటికి అతుక్కున్న బట్టలు, కింద లక్ష రూపాయలు దాటిన సైకిలు. వాళ్లడిగేది ఒకటే: "అన్నా, తారు లేని తొవ్వ ఎటు?"

నవ్వకండి. ఇక్కడ ఏ ఊరి పెద్దమనిషిని కదిలించినా మొదటి గోడు బీటీ రోడ్డే. వానాకాలంలో పసుపు చేనుకు ఎరువు బస్తా తోలాలంటే ట్రాక్టరు దిగబడుతుంది, ఆ రోడ్డు వేయించండి మహాప్రభో అని దరఖాస్తుల మీద దరఖాస్తులు. వీళ్లేమో ఆ దిగబడే రోడ్డు కోసమే హైదరాబాద్ నుంచి వచ్చామంటారు. మొన్న చౌరస్తాలో ఒక పెద్దాయన అలా వచ్చిన ఒక పిల్లవాడి సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు, గంట గూడ లేదు. ఇన్ని లేనందుకు లక్ష తీసుకున్నడా బిడ్డా?" అన్నాడు. ఆ పిల్లవాడు పగలబడి నవ్వాడు గానీ జవాబు చెప్పలేకపోయాడు.

జవాబు టైరులో ఉంది. మన పాత డబల్ బార్ సైకిలు టైరు పక్కన ఏమని అచ్చు ఉండేదో గుర్తుందా? 28 ఇంటూ ఒకటిన్నర. ఆ ఒకటిన్నర అంగుళమే టైరు వెడల్పు, సుమారు 40 మిల్లీమీటర్లు. కంకర తొవ్వల కోసం చేసిన ఈ గ్రావెల్ బైకుల టైర్లూ 35 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్యే ఉంటాయి. అంటే పాలబిందెలు కట్టుకుని, వెనక గడ్డిమోపు వేసుకుని మన తాతలు తొక్కిన కొలతకే లోకమంతా తిరిగి తిరిగి వచ్చింది. మధ్యలో రేసు సైకిళ్ల మోజులో టైరు 23 మిల్లీమీటర్ల దాకా సన్నబడింది, గాలి మాత్రం రాయిలా గట్టిపడేదాకా కొట్టేవారు. నున్నటి తారు మీద అది సరే. కంకర మీద మాత్రం ప్రతి రాయీ నడుముకు తగులుతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ పెడితే రాయి వచ్చినచోట టైరే లొంగి, మళ్లీ లేస్తుంది. పాత సైకిలుకు లేనివి డిస్కు బ్రేకులు, ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు పట్టేయకుండా కాపాడే చిన్న గేర్లు. పెద్దాయన లేవన్నవాటికి బదులు అవి ఉన్నాయన్నమాట. గంట మాత్రం ఉండాల్సిందే, ఆయనదే రైటు.

తారు వదిలి మట్టిరోడ్లు తొక్కే ఈ సరదా ముదిరింది అమెరికాలో. కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊరు ఉంది. దాని చుట్టూ పచ్చిక గుట్టలు, పశువుల మందలు, చెకుముకి రాళ్లు తేలిన మట్టిరోడ్లు. 2006లో కొద్దిమంది చేరి ఆ రోడ్ల మీద 200 మైళ్ల పందెం పెట్టుకున్నారు. ఇప్పుడది అన్‌బౌండ్ పేరుతో వేలమంది దిగే జాతర. 2022లో ఇటలీలో ఏకంగా ప్రపంచ చాంపియన్‌షిప్పే పెట్టారు. నాకు నచ్చింది ఏమిటంటే, ఆ రోడ్లు సైకిళ్ల కోసం వేసినవి కావు. రైతులు, పశువుల కాపరులు తమ పనుల కోసం వేసుకున్నవి. మన దగ్గరా అంతే. బండ్ల బాట, డొంక, కాలువ కట్ట, అడవిలో టేకు దుంగలు లాగిన తొవ్వ. ఏదీ ఎవరి సరదా కోసమూ పుట్టలేదు.

సరే, తొవ్వ చెప్తాను వినండి. ముందుగా మా సిద్ధులగుట్ట మీద కన్ను వేయకండి. ఆ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, నడిచి ఎక్కండి, నవనాథ సిద్ధేశ్వరుడికి దండం పెట్టుకోండి, దిగండి. సైకిలుకు అసలు దారి పోచంపాడు దగ్గర మొదలవుతుంది. 1963 జూలైలో నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కుడివైపు కాకతీయ కాలువ కరీంనగర్ దిక్కు పోతుంది, అది అందరికీ తెలుసు. ఎడమవైపు సరస్వతి కాలువ సంగతి ఆయకట్టు రైతులకు తప్ప పెద్దగా పట్టదు. అది 47 కిలోమీటర్లు సాగి కడెం చేరుతుంది. సోన్ దగ్గర గోదావరి దాటి ఆ కాలువ దిక్కు పట్టుకుంటే కుడిచేతివైపు నది, ఎడమచేతివైపు నిర్మల్ గుట్టలు. నీరు తనంత తాను పారాలి కాబట్టి కాలువను వాలు తెలిసీ తెలియనట్టు తవ్వుతారు. ఆ వాలే కట్ట మీద పోయే సైకిలుకూ దక్కుతుంది. ఎక్కడా ఊపిరి ఆడనంత ఎత్తు ఉండదు.

అలాగని కట్ట మెత్తటి పరుపేం కాదు. వానకు కోసుకుపోయిన గండ్లు గడ్డి కింద దాక్కుంటాయి. ట్రాక్టర్లు తిరిగినచోట రెండు చాళ్లు పడి, నడుమ గడ్డి గట్టు లేచి ఉంటుంది. చాలు మారదామని ఆ గట్టు ఎక్కారా, లోపలి రాయి ముందు చక్రాన్ని పక్కకు కొట్టేస్తుంది. యాసంగికి నీళ్లు వదిలినప్పుడు మరీ జాగ్రత్త. లైనింగు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. పడ్డవాడికి పట్టు దొరకదు. ఈతగాళ్లే పోయారు. కట్టకు కాలువ లేని వైపున పోవడమే మర్యాద. ఇంకో సంగతి, కట్ట దిగి తారురోడ్డు ఎక్కామని సంబరపడకండి. కోతల కాలంలో మా దగ్గర సగం రోడ్డు కల్లమే. మక్కలు, వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. చీకట్లో ఆ రాళ్ల మీదికి పోయిన బండ్ల కథలు మా ఆసుపత్రుల్లో అడగండి.

జనవరి నుంచి మార్చి దాకా వస్తే ఆర్మూరు, బాల్కొండ చేలల్లో పసుపు తవ్వుతుంటారు. బాయిలర్ల నుంచి ఆవిరి లేస్తుంటుంది, ఉడికిన కొమ్ములు కుప్పలుగా ఆరుతుంటాయి. ఆ గాలిలో పచ్చి మట్టి వాసనా మందు వాసనా కలిసి ఉంటాయి, పొలిమేరలోనే ముక్కుకు తెలుస్తుంది. తొమ్మిది నెలల పంట అది, ఆరబోసిన దాని పక్కనుంచి దిగి నడిచిపోండి. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. బోర్డు సంగతేమిటని రైతును అడిగారో, మీ సైకిలు ప్రయాణం ఆ పూటకు అక్కడితో ఆగినట్టే. చాయ్ ఇప్పించి మరీ చెప్తాడు.

మళ్లీ కాలువ దిక్కుకే వస్తే, ఖానాపూర్ దాటాక అడవి చిక్కబడుతుంది. అది కవ్వాల్. 1965లో అభయారణ్యం, 2012లో పులుల రిజర్వు. లోపలి కోర్, దాని చుట్టూ ఉండే బఫర్ కలిపితే 2,000 చదరపు కిలోమీటర్లకు పైనే. టేకు, వెదురు, నల్లమద్ది. ఫిబ్రవరికి టేకాకు రాలి తొవ్వంతా పరుచుకుంటుంది, మీద టైరు పోతే అప్పడాలు విరిగిన చప్పుడు. ఇక్కడ మొరం బాటలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఎందుకు మిగిలాయో తెలిస్తే తొక్కేవాడి కాలు ఒక్క క్షణం ఆగుతుంది. రిజర్వులో గూడేలకు తారు వేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతులు కావాలి. ఫైలు కదలదు. గోండు, కొలాం గూడేల్లో వాగు పొంగితే అంబులెన్సు రాదు, నెలలు నిండిన ఆడమనిషిని ఎడ్లబండి మీదో మంచం మీదో మోసుకొస్తారు. అడవిశాఖ మాటలోనూ న్యాయం ఉంది. తారు పడితే వేగం వస్తుంది, వేగం వస్తే జింకలు చస్తాయి, పులి ఆ దిక్కు మానేస్తుంది. కడెం మండలంలో రాంపూర్, మైసంపేట గూడేలను కోర్ నుంచి లేపి 2024లో మద్దిపడగ దగ్గర ఇళ్లు కట్టించి ఇచ్చారు. ఈ తగాదాలో నా ఓటు గూడేనికే. రోడ్డు వేయండి, రాత్రి గేటు దించండి. సైకిలువాడి సరదా మాత్రం ఇందులో లెక్కకు రాకూడదు. మొరం పోతే పోనీయండి, వాడు ఇంకో బాట వెతుక్కుంటాడు.

అసలు ఈ గుట్టల్లో దూరప్రయాణం చేసినవాడంటే జానీనే. మహారాష్ట్ర కిన్వట్ దిక్కు నుంచి 2024 అక్టోబరులో ఆడతోడు వెతుక్కుంటూ బయల్దేరిన మగపులి. బోథ్ మండలంలో కనబడింది. కుంటాల, సారంగాపూర్, మామడ, పెంబి మండలాలు తిరిగింది. మనం లారీల భయంతో దాటే 44వ నంబరు రహదారిని దాటి ఉట్నూరు వైపు పోయింది. దారి పొడుగునా ఆవుల్ని పట్టింది. పిల్ల దొరికిందో లేదో పక్కన పెట్టండి, వందల కిలోమీటర్లలో ఒక్కచోటా ఎవరినీ తొవ్వ అడగలేదు.

కాబట్టి కోర్ లోపలికి సైకిలు వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. లోపల చూడాలంటే జన్నారంలో సఫారీ బండి ఉంది. భరత్‌పూర్ పక్షుల పార్కులో సైకిలు మీద తిరగనిస్తారు కదా అని వాదించేవాళ్లున్నారు. అక్కడ ఉన్నవి కొంగలు నాయనా! మీకు మిగిలేవి బఫర్‌లో ఊరికీ ఊరికీ నడుమ జనం తిరిగే బాటలు. అవి చాలు, రెండు రోజులు కాళ్లు పీకుతాయి. చెక్‌పోస్టులో ఎక్కడికి పోతున్నారో చెప్పి పోండి, దీపాలవేళకు ఊళ్లో ఉండండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మరీ తెల్లవారుజామున బయల్దేరకండి. ఇప్పపువ్వు రాలే కాలం అది. ఏరుకోవడానికి గూడెం ఆడవాళ్లు వస్తారు, తినడానికి ఎలుగుబంటీ వస్తుంది. ఎలుగుకు చూపు తక్కువ, కోపం ఎక్కువ. మలుపులో చప్పుడు లేకుండా మీద పడ్డ సైకిలును అది క్షమించదు. గంట ఉండాలన్న పెద్దాయన మాట ఇక్కడ పనికొస్తుంది.

వానాకాలం సంగతి చెప్పనే లేదు. ఎర్ర మొరం నీళ్లు ఇంకించుకుంటుంది, వాన ఆగిన గంటలో తొక్కచ్చు. నల్లరేగడి అలా కాదు. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరుకూ ఫోర్కుకూ నడుమ దట్టంగా పట్టేసి చక్రాన్ని ఆపేస్తుంది. పుల్లతో గీకాలి, నాలుగడుగులు పోవాలి, మళ్లీ గీకాలి. సైకిలు మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోస్తారు. దసరా దాటాక రండి. అప్పుడు పల్లేరుకాయలు ఎదురుచూస్తుంటాయి. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకు చూడండి, ఎటు తిప్పి వేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ట్యూబు లేని టైరులో జిగురు మందు పోసుకున్నవాళ్లు ముల్లు పీకేసి పోతూనే ఉంటారు, చిల్లి దానంతటదే మూసుకుంటుంది. తుమ్మముల్లు లోతుగా దిగితే ఆ మందూ పనిచేయదు. పంపు, రెండు ట్యూబులు మీ వెంటే ఉండాలి, అడవిలో నీళ్ల తొట్టి పెట్టుకుని కూర్చున్న పంక్చరు షాపు ఉండదు.

తిరిగొచ్చేటప్పుడు అంకాపూర్‌లో ఆగండి, మా ఊరికి ఆనుకునే ఉంది. నాటుకోడి కూర, అన్నం పార్శిలు కట్టిస్తారు. ముందే ఫోన్ చేయండి. చేయకుండా పోతే కోడిని పట్టే దగ్గర్నుంచీ మీరు కూర్చోవాల్సి వస్తుంది.