పిచ్చిగీతలో మావయ్య

మా మేనల్లుడికి ఏడేళ్ళు. పోయిన ఆదివారం కాగితం, పెన్సిలు చేతికిచ్చి "ఏదైనా బొమ్మ వెయ్యరా" అన్నాను. "నాకు రాదు మావయ్యా" అన్నాడు. రెండేళ్ళ క్రితం వరకూ మా అక్కావాళ్ళింట్లో గోడలన్నీ వీడివే! ఏమయిందని అడిగితే, స్కూల్లో వీడు వేసిన ఏనుగుని చూసి పక్కవాడెవడో "పందిలా ఉంది" అని నవ్వాడట. అంతే, దుకాణం కట్టేశాడు.

నాకు చురుక్కుమంది. నేనూ అలా మానేసినవాణ్ణే మరి. టెన్త్ దాకా వారపత్రికల్లో బాపు బొమ్మలు చూసి తెగ వేసేవాణ్ణి. తర్వాత ఇంటర్, ఎంసెట్, ఇంజనీరింగ్, ఉద్యోగం... ఇన్నేళ్ళుగా నేను గీసినవన్నీ డబ్బాలూ, వాటి మధ్య బాణాలూ మాత్రమే.

"సరే, బొమ్మ వద్దులే. కళ్ళు మూసుకుని ఓ పిచ్చిగీత గియ్యి" అన్నాను. దానికేం అభ్యంతరం, బరబరా గీకేశాడు. రబ్బరు ముట్టుకోకూడదని రూలు పెట్టుకుని, కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాం. ఒక చోట వంపు ముక్కులా కనబడింది. ముక్కు దొరికితే కన్ను ఎక్కడుండాలో తెలిసిపోతుంది కదా. చుక్క పెట్టగానే అక్కడో మనిషి, ఎటో చూస్తూ! పనికొచ్చే రెండు మూడు గీతల్ని ఒత్తి దిద్దాం. మిగిలిన చిక్కుముడంతా తలపాగా అయిపోయింది.

ఈ ఆట నా సొంతం కాదు లెండి. డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు, తన దగ్గరకొచ్చిన పిల్లలతో ఇలాగే వంతులవారీగా గీతలాట ఆడేవాడు. పిల్లలు నోటితో చెప్పలేనిది గీతల్లో బయటపడేది. మన రవీంద్రనాథ్ టాగూరు కూడా రాతప్రతుల్లో కొట్టివేతలన్నీ కలిపి వింతజంతువుల్ని చేస్తూ చేస్తూ, అరవై దాటాక చిత్రకారుడయ్యాడు. 1930లో పారిస్‌లో ప్రదర్శన కూడా పెట్టాడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ముందు రిక్వైర్‌మెంట్స్ కావాలి, తర్వాతే పని. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. తెల్లకాగితం "ఏం వేస్తావ్?" అని నిలదీస్తుంది. పిచ్చిగీత "ఇందులో ఏం కనబడుతోంది?" అని మాత్రమే అడుగుతుంది. ఏనుగు వేస్తానని ముందే చెప్పలేదు కాబట్టి పందిలా ఉందని ఎవడూ అనలేడు.

తర్వాత గీత నాది, బొమ్మ వాడిది. చాలాసేపు తిప్పితిప్పి చూసి, ముడిపడ్డ కనుబొమలు, బిగించిన మూతి వేశాడు. ఎవర్రా ఇది అంటే, "నువ్వే మావయ్యా. ఫోన్లో ఆఫీసువాళ్ళతో మాట్లాడేటప్పుడు."

నవ్వాను గానీ, ఎక్కడో గుచ్చుకుంది. నేను వాడికి ఇలా కనిపిస్తున్నానన్నమాట!

ఆ బొమ్మని మానిటర్ పక్కన అంటించుకున్నాను. సోమవారం కాల్ మధ్యలో దానివైపు చూసి, కనుబొమలు కాస్త కిందికి దించాను. వాడు మాత్రం ఇంకా ఏనుగు జోలికి పోలేదట. పోతాడు లెండి, తొందరేముంది.