నంద్యాల నుంచి గండికోటకు

సెలవుల్లో మూడు రోజులు చేతిలో ఉన్నాయా? అయితే నంద్యాల రండి. చుట్టుపట్ల తొమ్మిది నందులుండటంచేత కుందూ నది పక్కనున్న ఈ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. 2022లో ఇది జిల్లా కేంద్రం కూడా అయింది. వేకువనే మసీదులలో బాంగు వినబడుతుంది. కాసేపటికి వీధుల్లో పొయ్యిలు రాజుకుంటాయి. ఇక్కడి ఫలహారం ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులను నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయల తిరగమోతలో కలిపి, పైన పప్పులపొడి చల్లుతారు. హోటలు లోపల కూచోకండి. బయట బల్లమీద, వచ్చేపోయేవారిని చూస్తూ తింటేనే దాని రుచి.

రెండవ రోజు ఆళ్ళగడ్డ. నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. రాతివిగ్రహాలు చెక్కే శిల్పులకు పేరుపడిన ఊరు. శిల్పి ముందుగా రాతిని సుత్తితో తట్టి వింటాడు. ఖంగున మోగితే మంచి రాయి; బొంగురుగా పలికితే లోపల పగులుందన్నమాట. ఇప్పుడు కరెంటు రంపాలు వచ్చి పని త్వరగా సాగుతున్నది గాని, వాటినుంచి లేచే సన్నని రాతిధూళి ఊపిరితిత్తులకు చేటు. కాస్త దూరంగా నిలబడే చూడండి.

మూడవ రోజు కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా కడప జిల్లాలోని గండికోటకు వెళ్ళండి. పెన్నానది కొండను చీల్చిన గండి అంచున ఉందీ కోట. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొన్నాడు. ఆయనను చూడటానికి 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నవర్తకుడు ఇంతదూరం వచ్చాడు!

లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు రెండూ ఉన్నాయి. ముందు గుడిలోకి వెళ్ళండి. స్తంభాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూశారా? రాయి ఎంత బరువైనా మోస్తుంది గాని, వంగమంటే విరుగుతుంది. అందుకే పైదూలం పొడవు పెరగకుండా స్తంభాలు దగ్గరగా నిలిపారు.

ఇప్పుడు చెప్పులు విడిచి మసీదులోకి రండి. ఇక్కడ దూలాలకు బదులు కమానులు. కమానులో ఒక్కొక్క రాయి పక్కరాతిని నెడుతుంది. ఆ నెట్టుడులో ఏ రాయీ వంగనక్కరలేదు, బరువు పక్కలకు జారి నేలకు దిగుతుంది. ఇంటివద్ద ఒక అట్టముక్కను రెండు పుస్తకాల మధ్య వంతెనలా పరచి, పైన బలపం పెట్టండి, కుంగుతుంది. అదే అట్టను విల్లులా వంచి ఆ పుస్తకాల మధ్య ఇరికించండి. ఎక్కువ బరువు ఆపుతుంది.

మసీదు పడమటిగోడలో గూడు ఉంటుంది. నమాజు చేసేవారు తిరిగే మక్కా దిక్కును అది చూపుతుంది. మసీదు కనబడితే చాలు, మన దేశంలో దిక్కు తప్పరు. ఇక్కడ మనుషుల బొమ్మలు చెక్కరు గనుక పనివారి నేర్పంతా కమానులలోను, రెండు ఎత్తయిన మీనారులలోను కనబడుతుంది.

కోటగోడలమీద కొందరు మేకులతో తమ పేర్లు గీకిపోయారు. ఆళ్ళగడ్డలో ఒక్క వేలు చెక్కడానికి ఎంతసేపు పట్టిందో చూసివచ్చిన మీకు ఒళ్ళు మండక మానదు.

ఆకలవుతోందా? బయటికి వచ్చి, గండికి బాగా ఇవతల, చెట్టునీడన మూట విప్పండి. జొన్నరొట్టె, చెనక్కాయల ఊరిబిండి. ఎండలో నడిచినవారికి ఇంతకంటె విందు లేదు. దాదాపు 300 అడుగుల కింద ఎర్రబండల నడుమ పెన్న పోతున్నది. నంద్యాల పక్కన మీరు చూసిన కుందూ ఇంకా దిగువన ఈ పెన్నలోనే కలుస్తుంది.