దిద్దుబాటు నేర్చిన పనిముట్టు

కర్నూలు జిల్లాలోని పత్తికొండ ప్రాంతము వానలు తక్కువగా కురియు సీమ. ఇచ్చటి రైతు తన నాగలిని, గొర్రును, గుంటకను తన నేలకును తన చేతికిని తగినట్లు సవరించుకొనును. పనిముట్టును చేసినవాడు వడ్రంగి. దాని లోపమును మొదట కనుగొనువాడు దానితో పనిచేయు రైతు. కంప్యూటరు పనిముట్లకును ఈ న్యాయమే వర్తించును. వ్రాతను దిద్దుటకై పుట్టిన ఒక చిన్న ప్రోగ్రాము కథయే ఇందుకు సాక్ష్యము.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అను నతడు ‘ఈడీ’ అను ప్రోగ్రామును రచించెను. అందు బొమ్మలు లేవు, మీటలు లేవు. చేయవలసిన పనిని ఆజ్ఞగా టైపు చేయవలెను. ఆనాడు తెరలకు మారుగా టెలిటైపు యంత్రములు కాగితముపై అచ్చువేయుచుండెను. అవి సెకనుకు సుమారు 10 అక్షరములు మాత్రమే అచ్చువేయగలిగెడివి. అందుచే ఈడీ మితభాషి యయ్యెను. వరుసను చూపుటకు ఒక అక్షరము, తొలగించుటకు ఒక అక్షరము, భద్రపరచుటకు ఒక అక్షరము. ఆజ్ఞలో తప్పు దొరలినచో అది ఒక్క ప్రశ్నార్థకమును వేసి ఊరకుండును, తప్పేదియో చెప్పదు. దాని తొలి రూపములలో వ్రాతను భద్రపరచుట మరచి సెలవు తీసికొన్నచో, చేసిన పని యంతయు నీటిపై వ్రాతయే. తరువాత వచ్చిన రూపములు అట్టి వేళ ఒకమారు హెచ్చరించుట నేర్చినవి. ఆ మార్పు చిన్నదే. కాని అది ఎందరి శ్రమనో కాపాడినది.

లండనులోని క్వీన్ మేరీ కళాశాలలో జార్జి కూలూరిస్ అను అధ్యాపకుడు ఈడీని చూచి, ఇంత ముక్తసరి ఆజ్ఞలు అమరులకే తగునని తలచెను. ఆయన దానిని సవరించి, వరుసను తెరపై చూచుచు దిద్దుటకు వీలు కల్పించి, ‘మర్త్యుల ఎడిటరు’ అను అర్థముతో ‘ఎం’ అని పేరిడెను. 1976లో ఆయన బర్కిలీ విశ్వవిద్యాలయమునకు వెళ్ళినపుడు బిల్ జాయ్ అను విద్యార్థి దానిని చూచెను. అతడు మిత్రునితో కలసి దానిని మరింత మెరుగుపరచెను. ‘ఎక్స్’, ‘వీఐ’ అను ప్రసిద్ధ ప్రోగ్రాములు అట్లు వెలువడినవి. ఒకడు నాటిన మొక్కకు వేరొకడు నీరు పోసెను. మూడవవాడు పందిరి వేసెను.

ఇట్టి సవరణల విలువ ఎంతటిదో పత్తికొండ పేరే తెలుపగలదు. ఒక గుమాస్తా కంప్యూటరులో పంటల పట్టిక వ్రాసినాడని ఊహింపవచ్చును. అందలి ‘పత్తి’ అను మాటను అంతటను ‘ప్రత్తి’ అని మార్చుమని పై అధికారి చెప్పెను. ఆజ్ఞ ఒక్కటి చాలును. వేయి వరుసలు రెప్పపాటులో మారును. కాని వానితోపాటు ‘పత్తికొండ’ యును ‘ప్రత్తికొండ’ యగును. ప్రోగ్రాము తప్పు చేయలేదు; చెప్పినది చెప్పినట్లు చేసినది. అయినను మరునాడు ఆ ఊరి రైతు తన ఊరి పేరుతో వెదకినచో పట్టికలో అది కానరాదు. ఇందుకు విరుగుడుగా ఎక్స్ ప్రోగ్రాములో ఒక ఏర్పాటు కలదు. మార్పు చేయుటకు ముందు ప్రతి చోటను ఆగి, ‘ఇచ్చట మార్చవలెనా?’ అని అడుగునట్లు దానిని ఆజ్ఞాపింపవచ్చును. వేగము కొంత తగ్గును. ఊరి పేరు నిలుచును.

మరియొక చిక్కు లెక్కలో నున్నది. పత్తికొండ అను మాటలో అక్షరములెన్ని? ప, త్తి, కొం, డ అని పలుక నేర్చిన పిల్లవాడు నాలుగు వ్రేళ్ళు మడచును. కంప్యూటరు అట్లు లెక్కింపలేదు. 1992లో థాంప్సనే రాబ్ పైక్ అను నతనితో కలసి, లోకములోని లిపులన్నింటికి పనికివచ్చు ‘యూటీఎఫ్-8’ అను పద్ధతిని రూపొందించెను. అందు ఒక ఇంగ్లీషు అక్షరము ఒక బైటు. ఒక తెలుగు గుర్తు మూడు బైట్లు. బైట్లను లెక్కించు పాత ప్రోగ్రామునకు పత్తికొండలో 27 కనబడును. చివర ఒక్కటి తుడిచినచో ‘డ’ పగిలి అర్థము కాని గుర్తు మిగులును. గుర్తులను లెక్కించు ప్రోగ్రామునకు 9 కనబడును: ప, త, పొల్లు, త, గుడి, క, ఒత్వము, సున్న, డ. లిపుల నియమములను నిర్ణయించు యూనికోడ్ వారి పాత సూత్రము ప్రకారము 5 వచ్చును. ‘త్తి’ నడుమ చీలిపోవును. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1వ కూర్పులో ఆ సూత్రమును సవరించిరి. దానిని పాటించు ప్రోగ్రాము నేడు పత్తికొండను నాలుగుగానే లెక్కించును. పిల్లవాని వ్రేళ్ళకు తెలిసిన లెక్కను యంత్రమునకు నేర్పుటకు ఇంతకాలము పట్టినది.

ఈ సీమకు దిద్దుబాటు క్రొత్త విద్య కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో కడపలో ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను పండితులను నియమించి, ఒకే కావ్యమునకు గల పలు ప్రతులను సరిపోల్చజేసి, పాఠభేదములను గుర్తింపజేసెను. ఒక్క ప్రతిని నమ్మి కలము నడపుట ఆయన పద్ధతి కాదు. చూచి, పోల్చి, అడిగి, పిమ్మట దిద్దుటయే ఆ పద్ధతి.

మంచి ప్రోగ్రాముకును అదియే లక్షణము. అది ఎంత వేగముగా మార్చునన్నది ఒక గుణమే. కాని మార్చరాని చోట ఆగుట, పొరపాటు జరుగబోవునపుడు హెచ్చరించుట, ఒక చిన్న ఊరి పేరును సైతము చీల్చక కాపాడుట అంతకంటె గొప్ప గుణములు. వీనిని ఎవరును ఒక్కనాడు సాధింపలేదు. పనిముట్టుతో పనిచేయుచు, లోపమును గుర్తించి, ‘ఇది ఇంతే’ అని సరిపెట్టుకొనక సవరించినవారే సాధించిరి. సవరింపవలసినవి ఇంకను కలవు. వానిని కనుగొనువారు నేడు ఏ బడిలోనో తమ ఊరి పేరు వ్రాయుచు, అక్షరములను వ్రేళ్ళపై లెక్కించుచుండవచ్చును.